కుక్కగొడుగులూ, మామయ్య ఒక్కపొద్దూ

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే చాలు, మా అమ్మ నవ్వుతుంది. "నిన్నగాక మొన్న పుట్టావు, నీకప్పుడే ఆ రోజులెక్కడివే?" అంటుంది. నిజమే, నా ఆ రోజులు మరీ పాతవేం కాదు. కానీ నేను కాలాన్ని ఏళ్ళతో కాకుండా ఫోన్లతో కొలుస్తాను. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోనుకి ముందు ఒకటుండేది, దానికి ముందు ఇంకొకటి. ఆ ఇంకొకటి నాటి సంగతి ఇది. ఆ ఫోనుకి తెల్లటి రబ్బరు కవరుండేది. దానిమీద చిన్న మరక పడినా నాకు అన్నం సహించేది కాదు. అప్పట్లో నాకు బాగా వచ్చిన పనులు ఫోను చూడటం, కోప్పడటం. రెండూ కలిపి చెయ్యడంలో హైదరాబాదు మొత్తం మీద నాకు సాటి లేదని ఇప్పటికీ నా నమ్మకం. మొదటి ఉద్యోగంలో మా టీమ్ లీడు నా పని మీద ఏదో వెటకారం చేస్తే, ఆఫీసు గ్రూపులో అందరూ చూసేలా సమాధానం రాశాను. (సమాధానం అంటున్నాను గానీ అందులో ప్రశ్నలే ఎక్కువ. చివరి ప్రశ్న వాళ్ళింట్లో పెంపకం గురించి.) ఆ ఉద్యోగం పోయిందా, నేనే వదిలేశానా అనేది మా ఇంట్లో ఇంకా తేలలేదు. "కొన్నాళ్ళు మీ అత్త దగ్గర ఉండి రా. బుర్ర చల్లబడుతుంది" అని నాన్న నన్ను నరసరావుపేట బస్సెక్కించాడు. పల్నాడు వెళితే బుర్ర చల్లబడుతుందని ఎవరన్నా అనుకుంటారా? మా నాన్న అనుకున్నాడు.

మా మేనత్త ఊరు నాదెండ్ల దగ్గర. మామయ్య క్వారీ నుంచి కంకర తోలే టిప్పర్ డ్రైవరు. మనిషి ఆకారం టిప్పరంతే ఉంటుంది, కానీ వాళ్ళమ్మ ముందు సైకిలంత అయిపోతాడు. ఆవిడని నేను మామ్మ అని పిలిచేదాన్ని. నేను వెళ్ళేసరికి అత్త, గేదెల్ని అమ్మేశాక ఖాళీగా పడున్న గొడ్లచావిట్లో పుట్టగొడుగులు పెంచుతోంది. ఉడకబెట్టిన వరిగడ్డిని ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి, మధ్యలో విత్తనం చల్లి, సంచులకి కన్నాలు పెట్టి, వాసాలకి ఉట్లలా వేలాడదీసింది. చుట్టూ తడి గోనెపట్టాలు. కొన్నాళ్ళకి ఆ కన్నాల్లోంచి తెల్లటి చెవుల్లాంటివి గుత్తులుగా బయటికొచ్చేవి. మొదటిసారి చూసినప్పుడు చావిడంతా చెవులు రిక్కించి నా మాట వింటున్నట్టు అనిపించింది. నేను మాట్లాడితే వినేవాళ్ళు ఎక్కడా లేని రోజులవి. అందుకే నాకు ఆ చావిడి నచ్చింది.

ఊరికి మాత్రం నచ్చలేదు. ఆ ఊరి లెక్క చాలా తేలిక. పుట్ట మీద లేస్తే అది పుట్టగొడుగు, తినొచ్చు. దిబ్బ మీద లేచినా, గడ్డిలో లేచినా, ఇంకెక్కడ లేచినా అది కుక్కగొడుగు. ప్లాస్టిక్ సంచిలోంచి లేచినదాన్ని ఏమనాలో ఆ లెక్కలో లేదు, కాబట్టి అదీ కుక్కగొడుగే. అత్త బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళితే "ఏమ్మా, కుక్కగొడుగులు ఎట్టా ఉన్నయ్యి?" అని కుశలం అడిగేవాళ్ళు. మామ్మయితే గడువే పెట్టేసింది. "కార్తీకం ఎల్లేలోపు నలుగురు తిని బాగుందంటే చావిడి నీది. లేదా, నా గేదెల్ని నాకు తోలుకురా." అత్త బకెట్ అందుకుంది. చావిట్లో పట్టాలు తడుపుతూ నాతో మాత్రం అంది: "ఇన్నేళ్ళూ మిరపకాయ కోతలకి పోయినానే. సాయంత్రం పిల్లల మొహం తుడవాలన్నా భయమే, చేతులు మండుతుంటయ్యి. ఈడ చల్లగా ఉంటదే. నాకంటూ ఒక చల్లటి చోటు." ఆ మాటకి నాకు ఎవరిమీదో తెలియని కోపం వచ్చింది. కోపం వస్తే నేనేం చేస్తానో చెప్పాను కదా. ఫోను తీశాను.

సిగ్నల్ మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన మాత్రమే దొరికేది. అక్కడ కూర్చుని అత్త పుట్టగొడుగులకి ఒక పేజీ తెరిచాను, వీడియోలు పెట్టాను, కుక్కగొడుగులని కామెంట్ పెట్టిన ప్రతివాడితోనూ విడివిడిగా పోట్లాడాను. కార్తీకం వచ్చింది. మాంసం తినే ఇళ్ళు కూడా నెల్లాళ్ళు నోరు కట్టేసుకునే మాసం. నరసరావుపేట నుంచి ఒకావిడ "కార్తీకంలో ఇవి తినొచ్చా? నీచు కాదా?" అని రాసింది. పాపం, మర్యాదగానే అడిగింది. నేను మాత్రం, నీచంటే రక్తం ఉండాలనీ, దీనికి రక్తం ఉందేమో మీరే కోసి చూసుకోమనీ, ఇది గడ్డి తిని పెరిగిందనీ, మీరు తాగే పాలిచ్చే గేదె కూడా ఆ గడ్డే తింటుందనీ, తెర మీద పైకి జరుపుతూ చదవాల్సినంత పొడుగు జవాబిచ్చాను. కాసేపట్లో ఫోన్ మోగింది.

"అంత పౌరుషంగా రాసింది ఎవరమ్మా, నువ్వేనా?"

"నేనే. అయితే ఏంటి?"

"అయితే ఏందంటే, నాకట్టాంటి మనిషే కావాల. మా కాలనీ వనభోజనాలు ఈ ఆదివారం కొండవీడు కింద ఉసిరి తోపులో. ఏటా మా మగోళ్ళు ముక్క లేదని విస్తరి ముందు ఏడుపు మొహాలేసుకుని కూర్చుంటారు. మాంసం మర్చిపోయేట్టు పుట్టగొడుగుల కూర వండి పంపగలరా?"

"మాంసం తెచ్చి పక్కన పెట్టినా గుర్తుపట్టరు" అన్నాను. (నేను అనాలనుకున్నది అది కాదు. కానీ ఆవిడకి అర్థమైంది.) కాలనీ మహిళా సంఘానికి ఆవిడ ప్రెసిడెంటట. అప్పట్నుంచి మా ఇంట్లో ఆవిడ పేరు ప్రెసిడెంటాంటీ. అత్త ఆ రోజు తడిపిన పట్టాలే మళ్ళీ తడిపింది. కాలనీ మొత్తం తిని బాగుందంటే, మామ్మ అడిగిన నలుగురు ఎప్పుడో దాటిపోతారు.

ఆ వారమే తుఫాను పట్టుకుంది. వాన ఆగి, శనివారం పొద్దున చావిడి తలుపు తీస్తే కప్పు కారి సగం సంచులు నల్లబడి కుళ్ళిపోయి ఉన్నాయి. అత్త గడప మీద కూలబడింది. ఏడవలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. ఏం చెయ్యాలో తెలియక చావిడి వెనక్కి వెళ్ళాను. అక్కడ వాడేసిన పాత గడ్డి సంచులు పారబోసే దిబ్బ ఉంది. ఆ దిబ్బ నిండా, నిజం చెబుతున్నాను, పెళ్ళివారు భోజనానికి కూర్చున్నట్టు బారులు తీరి తెల్లటి గొడుగులు. ఒక్కోటి అన్నం పళ్ళెమంత ఉంది. నెత్తిన కాస్త గోధుమరంగు పొలుసులు, మెడలో ఉంగరం లాంటి పట్టీ.

"అత్తా! రా అత్తా! మన సంచుల్లోని విత్తనమే ఇక్కడ పడి మొలిచింది!"

అత్త వచ్చి చూసింది. "మనయ్యి చెవుల్లాగ ఉంటయ్యి కదే. ఇయ్యి గొడుగుల్లాగ ఉన్నయ్యి."

"నీ సంచికి పెట్టింది ఇంత కన్నం. దాంట్లోంచి చెవులు కాక గొడుగులు వస్తాయా? ఇక్కడ చోటు దొరికింది, విచ్చుకున్నాయి!" అని అరిచాను. (ఆ శాస్త్రం అప్పటికప్పుడు నా నోట్లో పుట్టింది.) అత్త ముఖంలో అనుమానం పోలేదని మొక్కల్ని గుర్తుపట్టే యాప్ తెరిచి ఫొటో తీశాను. మేడెక్కి పట్టుకుంటే అది కాసేపు గుండ్రంగా తిరిగి, ఏదో ఇంగ్లీషు పేరు చెప్పి, పక్కన చెంచా బొమ్మ చూపించింది. చెంచా అంటే తినొచ్చని. అత్త ఆ చెంచాని చాలాసేపు చూసి, "మీ మామ్మని కూడా ఒక మాట అడుగుదాం" అంది.

మామ్మకి యాప్ అక్కర్లేదు, కాలికి వెండి కడియం ఉంది. "ఇసం ఉంటే ఎండి నల్లబడిద్ది. మా అమ్మ చూసేది, నేను చూస్తా" అని కడియం తియ్యబోయింది. పెళ్ళినాడు తొడిగిన కడియం ఊరికే వస్తుందా? సబ్బునీళ్ళు పోసి, నేను పాదం పట్టుకుని, అత్త కడియం పట్టుకుని లాగితే వచ్చింది. కొన్ని గొడుగులు కోసి, కాస్త ఉప్పూ కారం మిరియం వేసి చిన్న గిన్నెలో ఉడికించి, అందులో కడియం వేసింది. మేం ముగ్గురం గిన్నె చుట్టూ కూర్చున్నాం. చాలాసేపటికి తీస్తే కడియం నల్లబడలేదు సరికదా, ఏళ్ళ మురికంతా వదిలి తళతళలాడుతోంది. "సూశావంటే పట్నం పిల్లా? ఇసం లేదు" అంది మామ్మ. "నా ఫోను కూడా అదే చెప్పింది మామ్మా" అన్నాను. ఆ ఇంట్లో నేనూ మామ్మా ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు. మేమిద్దరం ఒప్పుకున్నాక ఇక అత్త ఏమంటుంది? బుట్టలు తెచ్చి దిబ్బంతా కోసింది.

గిన్నెలో కూర మాత్రం ఎవరూ తినలేదు. ఎందుకంటే ఆ రోజు కోటి సోమవారం. (పేరు సోమవారమే, ఆ ఏడు శనివారం వచ్చింది. ఎందుకని అడిగితే మామ్మ నన్ను చూసిన చూపుకి మళ్ళీ అడగలేదు.) ఆ ఒక్క రోజు ఉపవాసం కోటి సోమవారాలు చేసినంత ఫలమట. అందుకని ఇంటిల్లిపాదికీ ఒక్కపొద్దు, చుక్కలు కనపడేదాకా మంచినీళ్ళే. నాకూ తప్పలేదు. క్వారీలో నీళ్ళు నిలిచి పని లేక ఇంట్లోనే ఉన్న మామయ్యకి అసలే తప్పలేదు. "రేపు పొద్దున్నే రుచి చూసి వంట మొదలెడదాం" అని అత్త గిన్నె మీద మూత పెట్టి వసారాలో ఉంచింది. సాయంత్రం చూస్తే మూత పక్కకి జరిగి ఉంది, గిన్నె కడిగినట్టుంది. ఆ ఇంట్లో ఒక పిల్లి ఉంది. నేను దాన్ని వీధి చివరిదాకా తరిమి తిట్టాను. అది నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తే. అంత అమాయకంగా నటిస్తోందని ఇంకా కోపం వచ్చింది.

దీనికంటే ముందు జరిగిన చిన్న సంగతొకటి చెప్పడం మర్చిపోయాను. పొద్దుటినుంచి వీడియోలు తీసి తీసి ఫోను కాలిపోతుంటే కవరు ఊడదీశాను. బుట్టలో అన్నింటికంటే బాగా విచ్చుకున్న గొడుగు కాడ విరిచి, పేజీలో పెట్టడానికి ఫొటో బాగుంటుందని ఆ తెల్ల కవరు మీద బోర్లించి, కిటికీ గట్టు మీద పెట్టాను. తెల్లదాని మీద తెల్లది, ఫొటో ఏమీ బాగా రాలేదు. ఈలోపు ఎవడన్నా మళ్ళీ కుక్కగొడుగులని కామెంట్ పెట్టాడేమోనని అనుమానమొచ్చింది. నేను మేడెక్కాను. గొడుగూ కవరూ అక్కడే ఉండిపోయాయి.

పొద్దు గుంకుతుండగా మామయ్య పెరట్లోకి పరిగెత్తాడు. వాంతులు. ఆగితే మళ్ళీ వాంతులు. అంత మనిషి గోడ పట్టుకుని వంగిపోయాడు. మామ్మ వీపు రాస్తూ, పక్కిళ్ళ వాళ్ళకి కూడా వినపడేలా, "పైత్యం! పొద్దుటినుంచి పచ్చి గంగ తప్ప ముట్టలా నా బిడ్డ! ఇంత భక్తి ఏ మగోడికుంది?" అంది. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూసి, భక్తికి తలూపి వెళ్ళారు.

"ఏమన్నా తిన్నావంటయ్యా?" అంది అత్త.

"నేనేం తింటా? ఒక్కపొద్దు గదా?" అన్నాడు మామయ్య, నేల వైపు చూస్తూ.

మీకిప్పటికే తెలిసిపోయి ఉంటుంది. మాకు తెలియలేదు. చుక్కలొచ్చాక అందరం తిన్నాం. మామయ్య ఉప్పూ పంచదార కలిపిన నీళ్ళు తాగి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే లేచి కవరు కోసం కిటికీ దగ్గరికి వెళ్ళాను. గొడుగు పక్కకి తీస్తే కవరు మీద మరక. నా తెల్ల కవరు మీద! లేత ఆకుపచ్చ రంగు, బండి చక్రంలా గుండ్రంగా, మధ్యలోంచి అంచులదాకా సన్నటి గీతలు. ఇల్లు లేచిపోయేలా అరిచాను.

"నా కవరు మీద రంగు పోసిందెవరు?"

"నీ అట్టముక్క నాకెందుకే?" అంది మామ్మ.

"మీరే! నిన్న ఆకులు నూరారు!"

"తులసాకు నూరా. అది నీ ఫోను మీద ఎందుకు పోస్తా? దానికేమన్నా దగ్గొచ్చిందా?"

వేలితో రాస్తే అది రంగు కాదు, పిండి. మెత్తగా వేలికంటుకుంది. ఎవరో ఒకరిని పట్టుకోకుండా వదలకూడదనే కసితో నేరస్థలం పరిశీలించడం మొదలుపెట్టాను. గొడుగు తిరగేసి చూశాను. కింద రేకులు నిన్న తెల్లగా ఉన్నవి, ఇవాళ బూడిదా ఆకుపచ్చా కాని రంగుకి తిరిగాయి. దాన్ని మళ్ళీ కవరు మీద పెట్టాను. రేకులు గీతల మీద గీతకి గీత కూర్చున్నాయి. దొంగ దొరికింది. అది నా చేతిలోనే ఉంది.

పుట్టగొడుగుల పిచ్చివాళ్ళ గ్రూపొకటి ఉండేది, అత్త సరుకు అమ్మొచ్చని అందులో చేరాను. ట్యాంకు దగ్గరికి పరిగెత్తి కవరు ఫొటో, గొడుగు ఫొటో అందులో పెట్టాను. ఎవరో పెద్దాయన వెంటనే జవాబిచ్చాడు. ఒకటే వాక్యం: "అమ్మా, ఎవరూ తినలేదు కదా?"

నా జీవితంలో నాకు తిరిగి సమాధానం రాయబుద్ధి కాని ప్రశ్న అదొక్కటే. ఆయనే మళ్ళీ రాశాడు. గడ్డి దిబ్బల మీద వానలకి వచ్చే విషపు రకమట. దానికో పొడవాటి లాటిన్ పేరుంది, పలికితే నాలుక మడతపడుతుంది. లేతగా ఉన్నప్పుడు తినే రకంలాగే తెల్లగా అందంగా ఉంటుంది, యాప్‌లు పొరపాటు పడతాయి, వెండి నల్లబడటం లాంటివేవీ పనిచెయ్యవు, ఇలా పొడి రాల్చి చూస్తే దీని ఆకుపచ్చ బయటపడుతుంది. తిన్నవాళ్ళని కొద్ది గంటల్లో కక్కించి కక్కించి వదులుతుంది. అయితే పొడి తెల్లగా పడినంత మాత్రాన మంచిదని కాదు. దీని చుట్టాల్లో కొన్ని పొట్టివి ఉన్నాయి, అవి తిన్నరోజు పెద్దగా తెలియనివ్వకుండా, తర్వాత నిదానంగా కాలేయాన్ని తినేస్తాయి.

కిందికొచ్చి ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అప్పటికే అత్త రెండు బుట్టలు ముందు పెట్టుకుని కత్తిపీట వేసింది. ఒక బుట్టలో చావిట్లో మిగిలిన చెవులు, ఒక బుట్టలో దిబ్బ మీది గొడుగులు.

"దీని చుట్టాలు దీనికంటే ఘోరమంట" అన్నాను.

"చుట్టాలెప్పుడూ అంతే" అంది మామ్మ. "ఏదో పసరు కారిందని ఇంత పంట పారబోస్తారంటే? నా కడియం అబద్ధం చెప్పిద్దా?"

"నా ఫోను కూడా అబద్ధం చెప్పింది మామ్మా!"

"నీ ఫోను చెప్పిద్ది. నా కడియం చెప్పదు."

అత్త గొడుగుల బుట్ట వైపు చూస్తోంది. అవి పారేస్తే కూర సగం మందికి కూడా రాదు. ఆర్డరు పోతుంది, కార్తీకం పోతుంది, చావిడి పోతుంది. వండితే? యాప్ తినమంది, వెండి తినమంది, వద్దంటున్నది ఒక రబ్బరు ముక్క, మొహం తెలియని ఒక పెద్దమనిషి. "ఎవురికన్నా ఏమన్నా అయ్యుంటే తెలిసేది" అంది మెల్లగా, ఎవరితోనూ కాదు.

మంచం మీద మామయ్య లేచి కూర్చున్నాడు. ముఖం పీక్కుపోయింది.

"అమ్మా."

"నువ్వు పడుకోరా."

"పిల్లి తినలా అమ్మా."

అందరం మంచం వైపు తిరిగాం. గడపలో పిల్లి కూడా తలెత్తింది.

"ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని..."

"ఉప్పు చూడటానికి గిన్నె మొత్తం నాకాలంట్రా? కోటి సోమవారం పూట! నేను ఊరందరికీ చెప్పుకున్నానే!" మామ్మ చెయ్యెత్తింది గానీ, ఆ చెయ్యి కొడుకు చెంప దగ్గరికి వెళ్ళి ఆగి, నుదుటి మీద పడింది. "ఒంట్లో ఎట్టా ఉందిరా?"

టిప్పరంత మనిషి తల్లి ముందు తన భక్తిని పోగొట్టుకుని, తోపులో విస్తళ్ళ ముందు కూర్చోబోయేవాళ్ళందరినీ కాపాడాడు. ఈ మాట ఆయన ముందు ఎప్పుడూ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. అత్త గొడుగుల బుట్ట ఎత్తి, దిబ్బ పక్కన గొయ్యి తీసి పూడ్చేసింది. పొట్టి చుట్టాలేవైనా గిన్నెలో కలిశాయేమోనని, ఒక గొడుగు సంచిలో వేసి ఇచ్చి, మామ్మని తోడుంచి మామయ్యని ఆటోలో నరసరావుపేట ఆసుపత్రికి పంపాం. డాక్టరు "ఏం తిన్నాడు?" అంటే "బుద్ధి గడ్డి తిన్నాడు" అని చెప్పిందట మామ్మ. సెలైన్ ఎక్కించి, రక్తం పరీక్షకి తీసి, ఒకట్రెండు రోజులు కళ్ళ ముందే ఉండమన్నారు.

ఇక ప్రెసిడెంటాంటీ. కరెంటు లేదని చెబుదాం, ఎవరో పోయారని చెబుదాం అని నేను రకరకాలుగా అల్లుతుంటే అత్త, "ఉన్నదున్నట్టు చెప్పవే" అంది. చెప్పాను. నా గొంతు అంత చిన్నగా పలకగలదని నాకే తెలియదు.

"ఆయనకెట్టా ఉంది?"

"బానే ఉన్నాడాంటీ."

"మంచియ్యి ఎన్నున్నయ్యి?"

"సగం బుట్ట."

"కూరెందుకైతే? పలావులో వెయ్యండి. మా మగోళ్ళకి అక్కడక్కడా ముక్క కనపడితే సాలు."

కొండ కింద తోపులో ఉసిరి చెట్టుకి పూజ అయింది, విస్తళ్ళు వేశారు, పలావు మూత తీశారు. మసాలా వాసన అటు మళ్ళిందో లేదో, ఒకాయన "నాదెండ్ల కాడ ఎవుడో కుక్కగొడుగులు తిని ఆసుపత్రిలో పడ్డాడంట" అన్నాడు. మాకంటే ముందే వచ్చి కూర్చుంది కబురు. ముందుకి చాచిన చేతులు వెనక్కి పోయాయి. నా చెవులు వేడెక్కాయి. "ఎవడు..." అని మొదలుపెట్టానో లేదో అత్త నా మణికట్టు పట్టుకుని, నా చేతిలోంచి కవరు తీసుకుంది. సంచిలోంచి కిటికీ గట్టు మీద మిగిలిన ఆ గొడుగు, ఒక చెవుల గుత్తి తీసింది. చీరకొంగు బిగించి అందరి మధ్యకి నడిచింది.

"ఆ పడ్డది మా ఆయనే" అంది.

గొడుగుని పైకెత్తి చూపించింది.

"ఇదిగో, ఇది దిబ్బ మీద లేచింది. దీని కింద తెల్ల కవరు పెడితే ఇట్టా ఆకుపచ్చ పడ్డది. ఇదొద్దు. ఇది మా చావిట్లోది, నేను పెంచింది, నా చేత్తో విత్తనమేసింది. ఇదే పలావులో ఉంది. ఆయనెందుకు పడ్డాడంటే, కోటి సోమవారం నాడు మా అత్తకి తెలవకుండా దిబ్బ మీదది దొంగతనంగా తిన్నాడు." అలా చెబుతూనే ఒక విస్తరి లాక్కుని కింద కూర్చుని, పలావు వడ్డించుకుని మొదటి ముద్ద తనే పెట్టుకుంది.

ముందు ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత మగవాళ్ళు, కొంచెం జాలిగా. "అన్నా, ఒక్కపొద్దు రోజు మిరియం వాసనొస్తే ఎవుడాగుతాడు చెప్పు" అన్నాడొకడు, ఆసుపత్రిలో ఉన్న మామయ్యని ఉద్దేశించి. కవరు చేతులు మారుతూ వరసంతా తిరిగింది. నా కవరు! ఉసిరిచెట్టు కింద ఎవరెవరి పసుపు చేతుల్లోనో! అప్పుడు మాత్రం నాకు కోపం రాలేదు. అందరూ తింటున్నారు. కుక్కగొడుగులన్నాయన మారు వడ్డించుకోవడం కూడా చూశాను. (కామెంట్ పెడదామా అనుకున్నాను. పెట్టలేదు.) చివర్లో ప్రెసిడెంటాంటీ గిన్నె అడుగు గీకుతూ "కార్తీకం అయిపోయాక కూడా పంపుతారా?" అంది.

సాయంత్రం ఆసుపత్రిలో మామ్మకి టిఫిన్ డబ్బాలో మిగిలిన పలావు ఇచ్చాం. మామయ్య ఆశగా చూశాడు, ఎవరూ పెట్టలేదు. మామ్మ మొత్తం తిని, మూతి తుడుచుకుని, "ఉప్పు సరిపోలా" అంది. అత్త తల వంచుకుంది. మామ్మ కొడుకు వైపు తిరిగి, "లేచినాక చావిడి కప్పు మీదికి రేకులు తోలుకురారా. కారుతుంటే ఏం పెంచిద్ది నీ పెళ్ళాం?" అంది. గేదెల మాట ఆ తర్వాత ఆ ఇంట్లో వినపడలేదు. పరీక్షల్లో మామయ్య కాలేయం కూడా క్షేమమని తేలింది.

మొన్న వెళ్ళాను. చావిడికి నీలం రేకులు, పక్కన ఇంకో గది. అదే వీధిలో ఆడవాళ్ళు కొందరు గడ్డి ఉడకబెడుతూ అత్త దగ్గర పని నేర్చుకుంటున్నారు. తలుపు లోపలివైపు నా తెల్ల కవరు వేలాడుతోంది, కెమెరా ఉండాల్సిన కన్నంలోంచి మేకు కొట్టి. ఆ చక్రం చెరిగిపోకుండా మీద పారదర్శకమైన టేపు అంటించారు. పక్కనే మామ్మ రాయించిన బోర్డు: దిబ్బ మీదవి కోయరాదు. (ఆవిడ కడియం మళ్ళీ కాలికెక్కలేదు. ఇప్పుడు చేతికి వేసుకుంటోంది, ఇసం చూడమని ఎవరైనా అడిగితే "ఆ పట్నం పిల్ల అట్టముక్కనడగండి" అంటుందట.)

మేకుకున్న కవరు తీసి నా ఇప్పటి ఫోనుకి తొడగబోయాను. పట్టలేదు, ఫోను పెద్దదైపోయింది. కన్నంలోంచి చావిట్లోకి చూస్తే చీకట్లో తెల్లటి చెవులు బారులు తీరి వింటున్నాయి. ఈ కవరు మీద మరక పడిందని ఇల్లు పీకి పందిరేసిన ఆ పిల్ల గుర్తొచ్చింది. దానికి అంత కోపం లేకపోతే ఆ చక్రాన్ని తుడిచేసి ఊరుకునేది. కవరు మళ్ళీ మేకుకి తగిలించి, గోనెపట్టాలు తడపడానికి బకెట్ తీసుకున్నాను. ఫోను ఎక్కడ పెట్టానో చాలాసేపటిదాకా గుర్తురాలేదు.